ఎ, ఆర్, టి ఉన్న మాట చెప్పండి

ఎ, ఆర్, టి. ఈ మూడు అక్షరాలున్న ఇంగ్లిష్ మాట ఒకటి చెప్పమని మొన్నొక రోజు ఇంట్లో అందరినీ అడిగాను. మా మేనకోడలు టక్కున 'ర్యాట్' అంది. అక్క 'పార్టీ' అంది. బావ కాస్త ఆలోచించి 'టీచర్' అన్నాడు.

"అందులో ఇంకా బోలెడు అక్షరాలున్నాయి నాన్నా, అది చెల్లదు" అని పిల్ల గొడవ. "అడిగినవి ఉన్నాయా లేదా, అది చెప్పు" అని తండ్రి వాదన. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు, తీర్పు చెప్పమని.

ముగ్గురూ కరెక్టే. తప్పంతా నా ప్రశ్నది. 'ఈ అక్షరాలున్న మాట' అనే చిన్న వాక్యంలో కనీసం ఆరు వేర్వేరు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి. పజిల్ ముందేసుకుని గంటసేపు తల గోక్కునేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ రాక కాదు ఇబ్బంది. ఆ ఆరింటిలో తమ ముందున్నది ఏదో తేల్చుకోరు, అంతే. నెట్‌లో మాటలు వెతికిపెట్టే సైట్లు చెత్తంతా చూపిస్తున్నాయని విసుక్కునేవాళ్ల సంగతీ ఇదే. సైట్ ఒక ప్రశ్నకు జవాబిస్తుంటుంది, మనం ఇంకోటి అడిగామనుకుంటాం.

ముందే ఒక మాట. ఇంగ్లిష్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి స్పెల్లింగ్ మనసులో వేసుకుంటూ చదవాలి. 'హార్ట్' అని రాస్తే అందులోని ఇ మీకు కనపడదు. నిజానికి ఈ వ్యాసంలోని అసలు చిక్కుల్లో ఒకటి అదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మేనకోడలు విన్న ప్రశ్న ఇది: ఇచ్చినవన్నీ వాడాలి, కొత్తది ఒక్కటీ చేర్చకూడదు. ర్యాట్, ఆర్ట్, టార్. దీన్ని అనాగ్రామ్ అంటారు. అన్నీ వాడక్కర్లేదు, కొన్నిటితో సరిపెట్టుకోవచ్చు అంటే అది అక్షరాల పలకలతో మాటలు కట్టే స్క్రాబుల్ ఆటగాడి ప్రశ్న అవుతుంది. అప్పుడు రెండక్షరాల 'ఎట్' కూడా చెల్లుతుంది. బావ విన్నది దీనికి పూర్తిగా తలకిందులు: అడిగినవన్నీ ఉండి తీరాలి, పైన ఎన్ని చేరినా ఫర్వాలేదు. టీచర్, వాటర్, నేచర్, స్టార్ట్ అన్నీ ఇందులోకి వస్తాయి.

అక్క చెప్పిన 'పార్టీ'లో ఇంకో విశేషం ఉంది. పి-ఎ-ఆర్-టి-వై. మూడక్షరాలూ నేను చెప్పిన వరసలోనే, మధ్యలో ఇంకోటి దూరకుండా, పక్కపక్కనే ఉన్నాయి. హార్ట్, ఆర్టికల్ కూడా అలాంటివే. వరస మారకూడదు గానీ మధ్యలో వేరేవి ఉన్నా సరే అన్నామనుకోండి, అప్పుడు ఎయిర్‌పోర్ట్ వస్తుంది, ఆప్రికాట్ వస్తుంది.

ఆరో ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఈ మూడు తప్ప వేరే అక్షరం రాకూడదు, కానీ ఉన్నవాటిని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల 'స్పెల్లింగ్ బీ' ఆట ఈ రకమే. అక్కడ ఏడక్షరాలిస్తారు, నడిమధ్యలోది ప్రతి మాటలోనూ ఉండాలి, మాటకు కనీసం నాలుగక్షరాలుండాలి. మన మూడింటితో 'టార్టార్' వస్తుంది, అంటే పళ్లకు పట్టే గార. ఎ-టి-టి-ఎ-ఆర్ కూడా వస్తుంది. ఇదేం మాటరా బాబూ అనుకోకండి, మన అత్తరే అది. అరబీ, పారశీకాల నుంచి బయల్దేరి ఇటు మన దగ్గరికీ అటు ఇంగ్లిష్‌లోకీ చేరింది.

అక్షరాలు తిప్పడం దండగ

అనాగ్రామ్ చేతికివ్వగానే ఎవరైనా చేసే మొదటి పని అక్షరాల్ని అటూ ఇటూ తిప్పడం. మూడక్షరాలైతే ఫర్వాలేదు, ఆరు రకాలుగా మాత్రమే పేర్చగలం. ఏడైతే 5,040. ఎనిమిదైతే 40,320. పదికి 36,28,800. పదిహేనుకు వెళ్తే ఆ సంఖ్య లక్ష కోట్లు దాటుతుంది. ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వస్తే కాస్త ఊరట. 'మిసిసిపి'లో పదకొండు అక్షరాలు. అన్నీ వేర్వేరైతే 3,99,16,800 వరసలు ఉండేవి. కానీ అందులో ఐలు నాలుగు, ఎస్‌లు నాలుగు, పీలు రెండు కాబట్టి 34,650 దగ్గర ఆగుతుంది. ఊరట అన్నానే గానీ, 34,650 మాత్రం ఎవరు రాసి చూస్తారు?

వీటిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నోరు తిరగని చెత్త. ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు మాత్రం లెక్కకు అందుతాయి. ప్రపంచ స్థాయి స్క్రాబుల్ పోటీల్లో వాడే కాలిన్స్ జాబితాలో ఉన్నవి సుమారు 2,80,000. అందుకని ప్రశ్నను తిప్పి అడగాలి. 'ఈ అక్షరాలతో ఏమేం తయారవుతాయి' అని కాదు, 'ఉన్న మాటల్లో ఈ అక్షరాలవి ఏవి' అని. ఈ ఒక్క మలుపుతో పని చాలా తేలికైపోతుంది.

ఎలాగో దగ్గరగా చూద్దాం. 'లిజన్' తీసుకోండి: ఎల్-ఐ-ఎస్-టి-ఇ-ఎన్. ఆ ఆరింటినీ ఎ నుంచి జెడ్ దాకా ఉండే క్రమంలో పేర్చితే ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి అవుతుంది. ఇప్పుడు 'సైలెంట్' తీసుకుని అదే పని చేయండి. మళ్లీ ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి. 'ఎన్‌లిస్ట్'కీ అదే, 'టిన్సెల్'కీ అదే, 'ఇన్‌లెట్స్'కీ అదే. అంటే ఈ అయిదింటి ఇంటి చిరునామా ఒక్కటే. స్క్రాబుల్ ఆడేవాళ్లు ఈ చిరునామాని ఆల్ఫాగ్రామ్ అంటారు. డిక్షనరీలోని ప్రతి మాటకూ ఒకసారి కూర్చుని, అంటే కంప్యూటర్‌ని కూర్చోబెట్టి, చిరునామా రాయించి పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత ఎవరు ఏ అక్షరాలిచ్చినా వాటిని వరసలో పెట్టి ఆ ఇంటి తలుపు తట్టడమే. వరసలు ఎన్ని లక్షలున్నా చూడాల్సిన తలుపు ఒకటే.

పోటీల్లో ఆడేవాళ్లు చాలామంది పలకలు చేతికి రాగానే వాటిని ఈ క్రమంలోనే పేర్చుకుంటారు. చూసేవాళ్లకి అదేదో చాదస్తంలా కనిపిస్తుంది. వాళ్లు బట్టీ పట్టింది మాటల్ని కాదు, చిరునామాల్ని. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఫ్రెంచ్‌లో మాట్లాడటం ఆయనకు రాదు. 2024లో స్పానిష్‌లోనూ అంతే చేశాడు. ఈ ఆటలో మాటకు అర్థం తెలియనక్కర్లేదు. స్పెల్లింగ్ తెలిస్తే చాలు. ఇది భాషకు అవమానం అని కొందరంటారు గానీ, నాకైతే ముచ్చటేస్తుంది.

స్క్రాబుల్‌లో చేతిలో ఉండే ఏడు పలకల్లో కొన్నిటినే వాడొచ్చన్న ప్రశ్నకూ ఇదే తాళంచెవి పనిచేస్తుంది. ఏడూ వేర్వేరు అక్షరాలైతే, రెండు నుంచి ఏడు దాకా తీసుకుని పేర్చగల వరసలు 13,692. వరస పట్టించుకోకుండా, ఏవేవి తీసుకున్నామన్నదే చూస్తే 120 గుంపులే. ఒక్కో గుంపుకు ఒక్కో చిరునామా, 120 తలుపులు తడితే పని అయిపోతుంది. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ పలక ఉంటే మాత్రం దాని స్థానంలో ఇరవయ్యారు అక్షరాలూ పెట్టి చూడాలి కాబట్టి పని పెరుగుతుంది. అయినా కంప్యూటర్‌కి అది రెప్పపాటు పనే.

బావ ప్రశ్న ఎందుకు మొండిది

అడిగినవి ఉండాలి, పైన ఏవైనా ఉండొచ్చు. ఇక్కడ చిరునామా కిటుకు చేతులెత్తేస్తుంది. చేరబోయే అక్షరాలు ఏవో, ఎన్నో తెలియనప్పుడు ఏ తలుపు తడతాం? జాబితా మొత్తం జల్లెడ పట్టక తప్పదు. కాకపోతే జల్లెడ పట్టడంలో తెలివి చూపించొచ్చు.

సులువైన జల్లెడ ఒకటుంది. ప్రతి మాటకూ ఇరవయ్యారు స్విచ్చులున్న బోర్డు తగిలించామనుకోండి. మాటలో ఎ ఉంటే మొదటి స్విచ్ ఆన్, బి ఉంటే రెండోది ఆన్. మన ప్రశ్నకూ అలాంటి బోర్డే తయారుచేసి, ప్రశ్నలో వెలిగిన దీపాలన్నీ మాటలోనూ వెలుగుతున్నాయా అని చూడటమే. కంప్యూటర్ ఇరవయ్యారు దీపాల్నీ ఒక్క దెబ్బలో పోల్చేస్తుంది. స్పెల్లింగ్ బీ ప్రశ్నకు ఇదే బోర్డును తిరగేసి వాడొచ్చు: మాటలో వెలిగిన దీపాల్లో ప్రశ్నలో లేనిది ఒక్కటీ ఉండకూడదు.

దీనికో లోపం ఉంది. స్విచ్‌కి ఆన్, ఆఫ్ తప్ప లెక్క తెలియదు. 'ఇ రెండుసార్లు, టి ఒకసారి ఉన్న మాట' అని అడిగితే 'వాటర్'ని కూడా పట్టుకొచ్చి ఇస్తుంది, అందులో ఇ ఒక్కటే ఉన్నా సరే. స్పెల్లింగ్ బీకి ఈ లోపంతో పనిలేదు, అక్కడ ఎన్నిసార్లన్న లెక్కే లేదు కదా.

లెక్క కూడా కావాలనుకునేవాళ్లకి బడిలో నేర్చుకున్న ప్రధాన సంఖ్యలు అక్కరకొస్తాయి. ఎ కి 2, బి కి 3, సి కి 5, అలా వరసగా ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రధాన సంఖ్య ఇవ్వండి. ఆ లెక్కన ఆర్ కి 61, ఎస్ కి 67, టి కి 71 వస్తాయి. మాటలోని అక్షరాల సంఖ్యల్ని హెచ్చవేస్తే వచ్చేదే ఆ మాట నంబరు. ఎ, ఆర్, టి అంటే 2 × 61 × 71 = 8,662. ర్యాట్‌కీ, ఆర్ట్‌కీ, టార్‌కీ అదే నంబరు, ఎందుకంటే గుణకారానికి వరసతో పనిలేదు. ఇప్పుడు 'స్టార్ట్' చూడండి: 67 × 71 × 2 × 61 × 71 = 4,12,05,134. దీన్ని 8,662తో భాగిస్తే శేషం సున్నా, భాగఫలం 4,757. శేషం సున్నా అంటే అడిగిన మూడూ అందులో ఉన్నాయని. మిగిలిన 4,757ని విడదీస్తే 67 × 71, అంటే ఎస్, ఇంకో టి. స్టార్ట్‌లో ఎక్కువగా ఉన్నవి సరిగ్గా అవే!

ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలమన్న అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం దీని వెనక ఉంది. పదో తరగతిలో ఆ సిద్ధాంతం చదివినప్పుడు ఇది ఎక్కడ పనికొస్తుందిరా దేవుడా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. పొడుగు మాటలకు నంబర్లు విపరీతంగా పెరిగిపోతాయి. అందుకే ప్రోగ్రాములు రాసేవాళ్లు తరచుగా వచ్చే ఇ కి 2, టి కి 3 లాంటి చిన్న సంఖ్యలిచ్చి, జెడ్, క్యూ లాంటివాటికి పెద్దవి పెడతారు.

వరస తప్పకుండా, మధ్యలో ఖాళీలతో అడిగే ప్రశ్నకు ఇంత హంగామా అక్కర్లేదు. ఒక వేలు ప్రశ్న మీద, ఒక వేలు మాట మీద పెట్టి ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోవడమే. ఎయిర్‌పోర్ట్‌లో ఎ దొరికింది, ఐ ని దాటి ఆర్ దొరికింది, చివరికి వెళ్తే టి దొరికింది.

స్క్రాబుల్ ఆడే ప్రోగ్రాముల పద్ధతి ఇంకోటి. అవి డిక్షనరీని చెట్టులా కడతాయి. మొదటి అక్షరానికో పెద్ద కొమ్మ, దాని మీద రెండో అక్షరానికో రెమ్మ. ఎస్ మీద టి, టి మీద ఎ, దాని మీద నుంచి స్టార్, స్టాండ్, స్టే చీలిపోతాయి. ఈ చెట్టుకు 'ట్రై' అన్న పేరు 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ పెట్టింది. దీని లాభం ఏమిటంటే వృథా శ్రమ మొదట్లోనే తెగిపోతుంది. ఆర్ తర్వాత వెంటనే టి తో మొదలయ్యే మాట లేదు కాబట్టి ఆ కొమ్మే ఉండదు, అటు పోయే పనే లేదు. 1988లో ఆండ్రూ ఆపెల్, గై జాకబ్సన్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. '-ఇంగ్', '-ఎస్' లాంటి తోకలు వేల మాటలకు ఒకటే కాబట్టి కొమ్మల చివర్లను కూడా కలిపేసి చెట్టును బాగా కుదించారు. చాలా వర్డ్ గేముల లోపల ఇప్పటికీ అలాంటి చెట్లే ఉంటాయి.

చేతిలో పెన్ను తప్ప ఏమీ లేనప్పుడు

కంప్యూటర్ గోల పక్కన పెడదాం. కాగితం, పెన్ను, మన బుర్ర. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. మనం రాసింది రాసినట్టు చదువుతాం. అందుకే మాట కోసం చెవితో వెతుకుతాం. ఇంగ్లిష్‌లో చెవి నిలువునా మోసం చేస్తుంది. కె, ఎన్, ఐ, ఎఫ్, ఇ ఇచ్చారనుకోండి. కె ఉంది కదా అని నోట్లో 'కి', 'కె', 'క్న' అనుకుంటూ కూర్చుంటే 'నైఫ్' ఈ జన్మకు తట్టదు. 'క' అన్న ఒక్క ధ్వనికే ఇంగ్లిష్‌లో సి, కె, సి-కె, సి-హెచ్, క్యూ ఇన్ని వేషాలు. 'రిథమ్'లో ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేవు, పైగా హెచ్‌లు రెండు, రెండూ విడిగా వినపడవు. కాబట్టి నోరు మూసుకుని కళ్లతో వెతకడం అలవాటు చేసుకోవాలి.

కళ్లు కూడా తక్కువేం తినలేదు. ఇచ్చిన వరస ఒకసారి చూశాక అది బుర్రలో అతుక్కుపోతుంది. క్రాస్‌వర్డ్ పాతకాపులు అందుకే అక్షరాల్ని గీతలా కాకుండా గుండ్రంగా రాస్తారు. వృత్తానికి మొదలూ చివరా ఉండవు కాబట్టి పాత వరస పట్టు సడలుతుంది.

ఆ తర్వాత తోకలు వెతకాలి. ఐ, ఎన్, జి మూడూ ఉంటే '-ఇంగ్' అయి ఉండొచ్చని పక్కన పెట్టండి. ఇ-ఆర్, ఇ-డి, ఇ-ఎస్-టి కూడా అంతే. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. ఎ, సి, ఇ, ఐ, ఎన్, ఓ, ఆర్, టి. ఎనిమిదక్షరాలు, 40,320 వరసలు. టి-ఐ-ఓ-ఎన్ కనపడుతోంది కదా, తీసి కుడి పక్కన పెట్టండి. మిగిలినవి ఎ, సి, ఇ, ఆర్. నాలుగింటికి 24 వరసలే. కేర్, రేస్, ఏకర్ అన్నీ తగులుతాయి గానీ తోకకు అతకవు. ఆర్-ఇ-ఎ-సి పెట్టి చూడండి: రియాక్షన్. సి-ఆర్-ఇ-ఎ పెట్టండి: క్రియేషన్. రెండూ అదే ఎనిమిదక్షరాలు.

బావ రకం ప్రశ్నకైతే అన్నిటికంటే అరుదైన అక్షరంతో మొదలుపెట్టాలి. ఏది అరుదు, ఏది మామూలు అన్నది స్క్రాబుల్ పెట్టె తెరిస్తే తెలిసిపోతుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే న్యూయార్క్ ఆర్కిటెక్ట్, వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ఆ ఆటను తయారుచేశాడు. 1948లో జేమ్స్ బ్రూనో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. వంద పలకల్లో ఇ పన్నెండు, ఎ, ఐ తొమ్మిదేసి. జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. ఎస్ మాత్రం నాలుగే ఉంటాయి. అది అరుదని కాదు, ఎస్‌లు ఎక్కువైతే ప్రతి మాటకూ బహువచనం తగిలించి ఆట నీరుగార్చేస్తారని.

పత్రికల్లో లెక్క వేరు, డిక్షనరీలో లెక్క వేరు. ఈ తేడా చాలామంది గమనించరు. మామూలు ఇంగ్లిష్ పేరాలో హెచ్ బాగా ఎక్కువగా కనిపిస్తుంది. కారణం 'ద', 'దట్', 'హి', 'విత్' లాంటి మాటలు ప్రతి వాక్యంలో వచ్చిపడటమే. డిక్షనరీలో 'ద' ఒక్కసారే ఉంటుంది. అందుకని మాటల వేటలో హెచ్‌ని మరీ మామూలు అక్షరం అనుకోకూడదు, సి, టి, ఎస్, పి ల పక్కన ఉందేమో చూడాలి.

పక్కపక్కనే ఉండాలన్న ప్రశ్నల్లో ఒక్కోసారి అసాధ్యం అనిపించే గుంపులు ఎదురవుతాయి. సి-హెచ్-హెచ్ వరసగా? డబ్ల్యు-కె-డబ్ల్యు? అలాంటప్పుడు ఒకే మాట లోపల వెతక్కుండా రెండు ముక్కలు కలిసే అతుకు దగ్గర వెతకాలి. 'హిచ్'కి 'హైక్' కలిస్తే హిచ్‌హైక్, అక్కడ సి-హెచ్-హెచ్ ఉంది. 'ఆక్‌వర్డ్'లో డబ్ల్యు-కె-డబ్ల్యు ఉంది. 'బుక్‌కీపర్'లో ఓలు రెండు, కేలు రెండు, ఇలు రెండు వరసగా. ఎక్స్-వై-జెడ్ ముచ్చటగా పక్కపక్కన కావాలంటే మందుల షాపు వైపు చూడాలి: దురదకు డాక్టర్లు ఇచ్చే మాత్ర 'హైడ్రాక్సిజిన్'. రసాయనాల పేర్లన్నీ అతుకులే కదా.

ఏ జాబితా?

పద్ధతి ఎంత బాగున్నా, జవాబు చివరికి మనం వెతికే జాబితాను బట్టి ఉంటుంది. క్యూ తర్వాత యు లేకుండా మాట ఉందా అంటే, క్యూ-ఐ ఉంది. స్క్రాబుల్ జాబితాల్లో చెల్లుతుంది, చైనా తత్వంలో ప్రాణశక్తి అని అర్థం. అదే మాటను బడిపిల్లల డిక్షనరీలో వెతికితే దొరక్కపోవచ్చు.

అయిదక్షరాల రహస్య మాటను ఊహించి పట్టుకునే వర్డిల్ ఆట దీనికి మంచి ఉదాహరణ. 2021లో జాష్ వార్డిల్ ఆ ఆటను జనం ముందు పెట్టాడు, 2022 మొదట్లో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఇంగ్లిష్‌లో అయిదక్షరాల మాటలు సుమారు 12 వేలు ఉంటాయి. వాటిలో సగానికి పైగా ఎవరూ వినని మాటలు. అందుకని వార్డిల్ జీవిత భాగస్వామి ఆ 12 వేలనూ ఒక్కొక్కటే చూసి, తనకు తెలిసిన సుమారు 2,500 మాటలు ఏరిపెట్టింది. జవాబులు వాటిలోంచి వచ్చాయి. మిగతావి ఊహగా కొడితే ఆట ఒప్పుకునేది గానీ, జవాబుగా వచ్చేవి కావు. కాబట్టి సైట్‌లో వెతికినప్పుడు కనపడే వింత మాటల్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

వర్డిల్ ఆరు ప్రశ్నల్లో ఏదీ కాదు, కొన్నిటి కలగలుపు. మనం కొట్టిన మాటలో ఒక్కో అక్షరం గడికి రంగు వేసి ఆట జవాబిస్తుంది. పసుపు గడి బావ ప్రశ్నే: ఈ అక్షరం ఉంది, కాకపోతే ఇక్కడ కాదు. ఆకుపచ్చ గడి స్థానం తేల్చేస్తుంది. అక్షరం లేదని చెప్పే బూడిదరంగు గడి దగ్గరే చాలామంది బోర్లా పడతారు, నేనూ పడ్డాను. జవాబు 'వాటర్' అనుకోండి, మీరు ఇ-ఇ-ఆర్-ఐ-ఇ అని 'ఈరీ' కొట్టారు. మొదటి ఇ పసుపు, మిగతా రెండు ఇలు బూడిదరంగు. ఆ బూడిదరంగు చూసి 'ఇ లేదన్నమాట' అని ఇ ఉన్న మాటలన్నీ కొట్టేస్తే ఆట అక్కడితో సరి. 'ఇ ఒక్కటే ఉంది, రెండోది లేదు' అని దాని అర్థం. పైన స్విచ్చుల బోర్డుకు ఉన్న జబ్బే ఇది: ఉందా లేదా అన్నది చూసి, ఎన్ని అన్నది మర్చిపోవడం.

సైట్లలో వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది కొంచెమే. వన్‌లుక్ లాంటి చోట ప్రశ్నార్థకం గుర్తు పెడితే ఏదో ఒక్క అక్షరం అని అర్థం, నక్షత్రం గుర్తు పెడితే ఎన్నయినా అని. ఎ-ఆర్-టి కి రెండు పక్కలా నక్షత్రాలు పెడితే అక్క ప్రశ్న. ఒక్కో అక్షరం మధ్యన కూడా పెడితే ఎయిర్‌పోర్ట్ ప్రశ్న. బావ ప్రశ్నకు వరసతో పనిలేదు కాబట్టి ఈ రెండు గుర్తులతోనే ఒక్కసారిలో అడగడం కుదరదు, 'ఈ అక్షరాలు ఉండాలి' అన్న గడి విడిగా ఉన్న సైట్ అయితే తేలిక. లేదా జాబితా చేతిలో ఉంటే మూడుసార్లు జల్లెడ పట్టొచ్చు: ముందు అరుదైన అక్షరం ఉన్నవి ఏరి, వాటిలోంచి రెండోది ఉన్నవి, వాటిలోంచి మూడోది.

ఇదంతా చెప్పాక మేనకోడలు నన్ను పరీక్ష పెట్టింది. "జె, క్యూ రెండూ ఉన్న మాట చెప్పు మావయ్యా. ఫోన్ చూడకూడదు."

బావ రకం ప్రశ్న, అందులోనూ రెండూ అరుదైనవే. క్యూ ఉంటే దాదాపుగా యు వెంట ఉంటుంది, దాని తర్వాత ఇంకో అచ్చు. జె చాలాసార్లు మాట మొదట్లో వస్తుంది, దాని పక్కనా అచ్చే. అంటే మాట ఆకారం ఇలా ఉండాలి: జె, ఒక అచ్చు, బహుశా ఒక హల్లు, క్యూ-యు, మళ్లీ అచ్చు. జె-ఓ-ఎన్-క్యూ-యు-ఐ-ఎల్. జాంక్విల్, ఒక రకం పసుపుపచ్చ పువ్వు. సంతోషించి కాసేపు గర్వంగా కూర్చున్నాను.

"ఇంకోటి" అంది.

'ఎక్వైర్'లో ఉన్నట్టు క్యూ ముందు సి పెట్టి చూశాను. జె-ఎ-సి-క్యూ-యు-ఎ-ఆర్-డి. జకార్డ్! చీరల మీద జకార్డ్ అంచు అని ఎన్నిసార్లు విన్నానో. అందులో క్యూ ఉంటుందని చెవి ఒక్కసారీ చెప్పలేదు.

ఇంకో మాట నాకు తట్టలేదు. చివరికి ఫోన్ తీసి వెతికితే ఒకటి కనపడింది: జె-ఇ-క్యూ-యు-ఐ-ఆర్-ఐ-టి-వై. ఇద్దరం ఎప్పుడూ వినలేదు. అర్థం ఏమిటా అని డిక్షనరీలో చూశాం. గురివింద గింజ అట.